కడుపులో దిగులు పట్టుకున్నప్పుడు: ప్రార్థనలో నెమ్మది వెతుక్కోవడం ఎలా

"ప్రార్థన చేస్తానే ఉండానక్కా, వాక్యం చదవతానే ఉండాను. అయినా రాత్రయితే గుండె దడ తగ్గేది లేదు. ఏం చేసేది?"

తిరుపతి, చిత్తూరు వైపు స్త్రీల కూడికల్లో ఈ ప్రశ్న తరచూ వినబడుతుంది. అడిగేవాళ్ల కష్టాలు వేరు వేరు. ఒకరి భర్త కువైట్‌లో ఉన్నాడు, అక్కడ యుద్ధం మాట వినబడితే ఇక్కడ ఆమెకు అన్నం దిగదు. ఒకరి కొడుకుది శ్రీసిటీలో కాంట్రాక్టు ఉద్యోగం, వచ్చే నెల ఉంటుందో లేదో తెలియదు. ఇంకొకరు తోతాపురి మామిడి తోటను నమ్ముకుని అప్పు తెచ్చారు. 2025 సీజన్‌లో ధర పడిపోయి గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరినప్పటి నుంచి ఆ ఇంట్లో నిద్ర లేదు.

అందరికీ నేను చెప్పేది ఒకటే. భయాన్ని దాని పేరుతోనే దేవునికి చెప్పండి. అదే పేరుతో ఒక మనిషికి కూడా చెప్పండి. "ప్రభువా, మమ్మల్ని కాపాడు" అని గంటసేపు మోకరించినా, లోపలి అసలు మాట బయటికి రాకపోతే దిగులు కదలదు. కింద రాసిందంతా ఆ మాటను బయటికి తేవడానికే.

మొదలుపెట్టే ముందు ఇది చూసుకోండి

రెండు వారాలుగా సరిగా నిద్ర, తిండి లేకపోయినా, చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఈ పద్ధతితో పాటు డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లాలి. 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఉచిత సేవ. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణం మీదికి వస్తే 108. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఉంది. చిత్తూరు వాళ్లకు వేలూరు దగ్గరే కాబట్టి అక్కడి సీఎంసీ ఆసుపత్రికి వెళ్లవచ్చు.

ఇప్పటికే మాత్రలు వాడుతున్నవాళ్లు, ప్రార్థన చేయించుకున్నాం కదా అని ఆపకండి. హిజ్కియా రాజును బాగుచేస్తానని దేవుడు మాట ఇచ్చాక కూడా, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా చెప్పాడు (యెషయా 38:21). మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగుల కోసం వందేళ్ల కిందటే మిషన్లు కలిసి ఆసుపత్రి కట్టాయి. మందు వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టు అనే మాట ఎవరు చెప్పినా వినకండి.

కావలసినవి

- తెలుగు బైబిలు. అక్షరాలు కనబడనివాళ్లకు, చదువు రానివాళ్లకు ఫోన్‌లో ఆడియో బైబిలు చాలు.
- ఒక చిన్న నోటుబుక్కు, పెన్ను.
- రోజూ ఒకే చోటు. మిద్దె మీదైనా, వంటింటి గడప దగ్గరైనా సరే.
- రోజుకు ఇరవై నిమిషాలు.
- మీ మాట బయటపెట్టని ఒక మనిషి.

డబ్బు అక్కర్లేదు. ప్రత్యేకమైన నూనె, నీళ్లు, "ఇంత కానుక పంపితే మీ కోసం ప్రార్థిస్తాం" అనే ఫోన్ నంబర్లు ఏవీ అక్కర్లేదు. దిగులులో ఉన్నవాళ్ల దగ్గర డబ్బు లాగడం తేలిక. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

1. భయాన్ని ఒక్క వాక్యంలో రాయండి

"పరిస్థితులు బాగాలేవు", "మనసు బాగాలేదు" అని రాస్తే లెక్కలోకి రాదు. ఎవరికి, ఏమి, ఎప్పుడు జరుగుతుందని భయమో అది రాయాలి. "జూలైలో మామిడి డబ్బు చేతికి రాకపోతే సొసైటీ అప్పు కట్టలేను, అన్న ముందు తల ఎత్తుకోలేను." "ఆయన రెండు రోజులు ఫోన్ తీయకపోతే ఏదో అయిపోయిందనుకుని వణికిపోతున్నాను." ఇలా ఉండాలి.

చాలామందికి మొదటి వాక్యం కింద ఇంకొకటి దాగి ఉంటుంది. అప్పు అని మొదలుపెడతారు, అడుగున ఉన్నది అవమానం. అమ్మ జబ్బు అని మొదలుపెడతారు, అడుగున ఉన్నది "నేను సరిగా చూసుకోలేదు" అనే బాధ. రాశాక ఒక నిమిషం ఆగి, "అలా జరిగితే ఏమవుతుందని నా భయం?" అని మిమ్మల్ని మీరే అడగండి. వచ్చిన జవాబు కింద రాయండి. అసలు మాట సాధారణంగా ఆ రెండో వరుసలో దొరుకుతుంది.

తర్వాత పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమ వైపు నా చేతిలో ఉన్నది, కుడి వైపు నా చేతిలో లేనిది. బ్యాంకు మేనేజర్‌ని కలవడం ఎడమ వైపు. మామిడి ధర కుడి వైపు.

జాగ్రత్త: ఒక రోజుకు మూడు భయాలకు మించి రాయకండి. పది రాస్తే పుస్తకం చూడాలంటేనే భయం వేస్తుంది. ఇంట్లో ఎవరైనా చదువుతారనిపిస్తే చిన్న కాగితం మీద రాసి, ప్రార్థన అయ్యాక చింపేయండి. రాయడం రానివాళ్లు నోటితో చెప్పుకోండి, కాని మీ చెవికి వినబడేలా చెప్పుకోండి.

సరిగా రాశారో లేదో ఇలా చూడండి: మీ ఇంటి సంగతి ఏమీ తెలియని మనిషి ఆ వాక్యం చదివితే మీకు ఏమి భయమో అర్థం కావాలి. కాకపోతే మళ్లీ రాయండి.

2. ఆ భయానికి తగిన ఒక్క భాగం చదవండి

ఒక్క భాగమే. బైబిలును కళ్లు మూసుకుని తెరిచి, వేలు పడిన వచనమే జవాబు అనుకునే అలవాటు మన దగ్గర ఉంది. దిగులులో ఉన్నప్పుడు అది ప్రమాదం. తీర్పు గురించిన వచనం మీద వేలు పడితే రాత్రంతా నిద్ర ఉండదు. ఈ వరుస చూసి ఎంచుకోండి:

- నిద్ర పట్టకపోతే: కీర్తన 4
- ఏడుపు ఆగకపోతే: కీర్తన 6
- దేవుడు మరిచిపోయాడనిపిస్తే: కీర్తన 13
- ఊరికి, దేశానికి ఆపద వస్తే: కీర్తన 46
- చేసిన తప్పు బాధిస్తుంటే: కీర్తన 51
- ఇంటివాళ్లు ప్రయాణంలో, దూరదేశంలో ఉంటే: కీర్తన 121
- అప్పు, తిండి, రేపటి చింత: మత్తయి 6:25 నుంచి 34
- ఏ మాటా ఓదార్పు ఇవ్వకపోతే: కీర్తన 88

ఈ చివరిది ఎందుకు పెట్టారని అడుగుతారు. 88వ కీర్తన వెలుగుతో ముగియదు, చీకటి మాటతోనే ఆగిపోతుంది. అయినా అది బైబిల్లో ఉంది. అంటే అలాంటి రాత్రి నుంచి అలాగే మాట్లాడినా దేవుడు వింటాడు. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే, ఫిర్యాదులే. మన కూడికల్లో స్తుతి కీర్తనలు ఎక్కువ పాడి వీటిని దాటేస్తాం. కష్టంలో ఉన్నవాళ్లకు ఇవే ముందు కావాలి.

నెమ్మదిగా, పెదవులు కదిలేలా రెండుసార్లు చదవండి. మీ మాటలా అనిపించిన ఒక్క వరుస నోటుబుక్కులో మీ భయం కింద రాసుకోండి.

కొత్త సంవత్సరం వాగ్దానం గురించి ఒక మాట. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఇచ్చిన వచనాన్ని గోడకు పెట్టుకుంటాం, మంచిదే. కాని దాని ముందూ వెనకా ఏముందో చదవండి. ఎన్నో ఇళ్లలో కనబడే యిర్మీయా 29:11 బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు రాసిన ఉత్తరంలోది. దాని పై వచనంలోనే 70 ఏళ్ల మాట ఉంది. వచ్చే నెలకల్లా అంతా తిరిగి వస్తుందని అక్కడ చెప్పలేదు. అప్పటిదాకా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి, మీరున్న ఊరి క్షేమం కోరి ప్రార్థించండి అని ఉంది. ఇది తెలియక, జూన్ వచ్చినా వాగ్దానం నెరవేరలేదని కుంగిపోయేవాళ్లు చాలామంది.

3. రాసిన వాక్యాన్నే ప్రార్థించండి

నోటుబుక్కు ఎదురుగా పెట్టుకోండి. మీ ఇంటి మాటల్లో చెప్పండి. "పరిశుద్ధుడవైన తండ్రీ" అని మొదలుపెట్టి పాస్టర్ గారిలా ప్రార్థించాలని లేదు. "నాయనా, భయంగా ఉండాది. ఆయన ఫోన్ తీయలా" అంటే చాలు.

వరుస ఇలా ఉంటే తేలిక: ముందు బాధ చెప్పండి, తర్వాత ఏం కావాలో అడగండి, చివర ఈ రోజు దొరికిన ఒక మేలుకు కృతజ్ఞత చెప్పండి. కృతజ్ఞత కూడా పేరుతోనే ఉండాలి. "అన్నిటికీ వందనాలు" కాదు, "పొద్దున పక్కింటి అక్క పాలు ఇచ్చింది, వందనాలు" అని. చింతపడకుండా కృతజ్ఞతతో విన్నపాలు తెలియజేయమని పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసినప్పుడు ఆయన సంకెళ్లలో ఉన్నాడు. సంకెళ్లు ఊడాక రాసిన మాట కాదది.

అయ్యాక రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కూర్చోండి. ఆలోచనలు వస్తాయి, రానివ్వండి. కీర్తనలో రాసుకున్న ఆ ఒక్క వరుస మళ్లీ అనుకోండి.

మాటలు రాకపోతే: ప్రభువు నేర్పిన ప్రార్థనను ఒక్కో వరుసకు ఆగుతూ చెప్పండి. కతోలిక సంఘంవాళ్లు జపమాల పట్టుకోండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో నోటికి వచ్చిన ఒక పాట పాడుకున్నా సరే.

ఇక్కడే ఎక్కువమంది తమను తాము కొట్టుకుంటారు. "నాకు విశ్వాసం ఉంటే భయమే ఉండకూడదు కదా" అని. మార్కు 4వ అధ్యాయం చదవండి. తుపానులో శిష్యులు యేసును నిద్ర లేపి, మేము నశించిపోతుంటే నీకు చింత లేదా అని నిలదీశారు. ఆయన ముందు గాలిని గద్దించాడు, సముద్రాన్ని ఊరుకోబెట్టాడు. ఎందుకు భయపడుతున్నారని అడిగింది ఆ తర్వాత. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్టకు గండి పడుతుందని ఊళ్లు ఖాళీ చేయించిన రోజుల్లో భయపడినవాళ్లు అవిశ్వాసులు కారు. గెత్సేమనే తోటలో యేసే వేదనపడ్డాడు, ఈ గిన్నె తొలగించమని అడిగాడు. భయంతోనే ఆయన దగ్గరికి వెళ్లవచ్చు.

4. ఎడమ వైపు నుంచి ఈ రోజుకు ఒక్క పని చేయండి

ఏనాటి కీడు ఆనాటికి చాలునన్న మాట మీద నడిచే మెట్టు ఇది. ఒక ఫోన్, ఒక దరఖాస్తు, ఒక టెస్టు. బ్యాంకువాళ్లను తప్పించుకు తిరిగితే దిగులు పెరుగుతుంది. వెళ్లి గడువు అడిగితే, వాళ్లు కాదన్నా లెక్క తేలుతుంది. పని చేశాక టిక్కు పెట్టండి. కుడి వైపు ఉన్నవాటికి ఈ రోజు చేయాల్సింది ప్రార్థన మాత్రమే, వాటి గురించి లెక్కలు వేయకండి.

ఒంట్లో సత్తువే లేకపోతే తినడం, పడుకోవడమే ఈ రోజు పని. చచ్చిపోతే బాగుండునని ఏలీయా బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు, దేవదూత ఆయనకు ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టి మళ్లీ పడుకోనిచ్చాడు (1 రాజులు 19). కాస్త సంగటో పెరుగన్నమో తినండి. దిగులులో ఉన్నవాళ్లు మూడు రోజుల ఉపవాసం పట్టడం నాకు ఇష్టం లేదు. షుగర్, బీపీ ఉన్నవాళ్లయితే అసలు వద్దు. అంతగా మనసుంటే టీవీ మానండి, ఫోన్ మానండి.

5. ఒక మనిషికి చెప్పండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. "దేవునికి చెప్పాను కదా, మనుషులకెందుకు?" అంటారు. ఒకరి భారాలు ఒకరు మోయమని గలతీ పత్రికలో ఉంది. మీరు చెప్పకపోతే మోసేవాళ్లు ఎక్కడ?

ఎవరికి చెప్పాలి? వయసులో పెద్ద, మాట కడుపులో పెట్టుకోగల మనిషి. స్త్రీలు స్త్రీకే చెప్పుకోండి, పాస్టర్ గారికి చెప్పాలనుకుంటే పాస్టరమ్మ గారు కూడా ఉండగా చెప్పండి. మనిషిని ఇలా పరీక్షించండి: ఆమె మీ దగ్గర వేరేవాళ్ల ఇంటి గుట్టు చెబుతుందా? చెబితే మీది కూడా బయటికి పోతుంది. మీ మాట పూర్తి కాకముందే "మీ ఇంట్లో ఏదో పాపం ఉంది" అంటుందా? ఆమె వద్దు. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద ఆయన పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు, అంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరిచాకే ఆయన బాధ పెరిగింది.

వెళ్లి ఏమనాలి? "అక్కా, పది నిమిషాలు వినండి, సలహా వద్దు, చివర నాకోసం ప్రార్థన చేయండి." తర్వాత మొదటి మెట్టులో రాసిన వాక్యం చదవండి. అంతే.

వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవి పెట్టడం దీనికి బదులు కాదు. యాభై మంది చేతులు జోడించిన బొమ్మలు పెడతారు, ఒక్కరూ తలుపు తట్టరు. పైగా మీ అమ్మాయి పెళ్లి సంగతో, అప్పు సంగతో ఊరంతా తిరుగుతుంది.

రుయాలో రోగికి తోడుగా వచ్చి ఇక్కడ ఎవరూ తెలియనివాళ్లు, యూనివర్సిటీ హాస్టల్లో ఉన్న పిల్లలు: దగ్గర్లో ఏ సంఘమైనా సరే, ఆదివారం ఆరాధన అయ్యాక వెంటనే బయటికి రాకుండా ఆగి, పెద్దావిడ ఎవరైనా ఉంటే పలకరించండి. తిరుపతిలో లూథరన్, సీఎస్ఐ, బాప్టిస్టు, కతోలిక, స్వతంత్ర సంఘాలు అన్నీ ఉన్నాయి. మీ ఊరి సంఘమే దొరకాలని పట్టుపట్టకండి.

6. భయం లోపలికి వచ్చే దారి మూయండి

వార్తలు రోజుకు ఒకసారి, పగటిపూట చూడండి. పడుకునే ముందు వద్దు. కువైట్‌లో మనవాళ్లు ఉంటే, "రోజూ ఫలానా టైముకి ఒక్క మెసేజ్ పెట్టండి" అని మాట అనుకోండి. మిగతా వేళల్లో ఫోన్ చూడటం తగ్గుతుంది.

అంత్యదినాల వీడియోలు ఆపేయండి. యుద్ధం మొదలైన ప్రతిసారీ తేదీలు చెప్పేవాళ్లు వస్తారు. ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని యేసు చెప్పాడు. యుద్ధ సమాచారాలు విన్నప్పుడు కలవరపడకుండా చూసుకోండని చెప్పింది కూడా ఆ మత్తయి 24లోనే.

7. మీ వీధి కోసం, ఊరి కోసం ప్రార్థించండి

చిన్న మెట్టు, రెండు నిమిషాలు. ఎదురింటివాళ్ల పేరు, పక్కింటి పిల్లల పరీక్షలు, బస్టాండులో రాత్రి పని చేసేవాళ్లు. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. వాళ్ల కోసం, వాళ్ల ఇంటివాళ్ల కోసం ఏడవడానికి మతం అడ్డం కాదు. ఏడ్చేవాళ్లతో ఏడవమని రోమా పత్రిక చెప్పేటప్పుడు ఎవరి మతమనే షరతు పెట్టలేదు. మన బాధ ఒక్కటే చూసుకుంటూ ఉంటే అది గదంతా నిండిపోతుంది. ఇంకొకరి పేరు పలికితే కాస్త చోటు దొరుకుతుంది.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

రెండు వారాలు చేశాక చూడండి. ఆనందం పొంగిందా లేదా అని కొలవకండి, అది వస్తుంది పోతుంది. ఇవి చూడండి: రాత్రి మెలకువ వచ్చినా మళ్లీ నిద్ర పడుతోందా? పిల్లల మీద కసురుకోవడం తగ్గిందా? ఎడమ వైపు టిక్కులు పడుతున్నాయా? రాసిన భయం మాట మారిందా? మొదటి రోజు "అంతా అయిపోయింది" అని రాసినవాళ్లు పదో రోజు "సెప్టెంబరు కంతు ఎలా కట్టాలి" అని రాస్తే ప్రార్థన పని చేస్తున్నట్టే. కష్టం అలాగే ఉండవచ్చు, దాని ముందు మీరు నిలబడగలుగుతున్నారు.

ఏ మార్పూ లేకపోతే ముందు ఒకటో మెట్టుకు వెళ్లి ఆ రెండో వరుస రాశారో లేదో చూడండి. తర్వాత ఐదో మెట్టు. ఈ రెండిట్లో ఒకటి తప్పినందువల్లే ఎక్కువమందికి ఆగిపోతుంది. రెండూ చేసి కూడా నిద్ర, తిండి లేకపోతే పైన చెప్పిన ఓపీకి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఐదో మెట్టులో మీరు చెప్పుకున్న ఆ అక్కను వెంట తీసుకెళ్లండి.

ఇంట్లో ఎవరూ విశ్వాసులు కాకపోతే

ఈ ప్రశ్న కోడళ్లు ఎక్కువగా అడుగుతారు. గొడవపడి ప్రార్థించాల్సిన పని లేదు. తెల్లవారి పనికి లేచే ముందు పడుకున్న చోటే మూడో మెట్టు చేయవచ్చు, కీర్తన నోటికి నేర్చుకుంటే పుస్తకం అక్కర్లేదు. అత్తగారు తిరుమల నుంచి వస్తే కాళ్లు నొప్పులా అని అడిగి వేడినీళ్లు పెట్టండి. నైట్ షిఫ్టు వాళ్లు షిఫ్టు దిగి వచ్చాక, పడుకునే ముందు చేయండి. బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ కీర్తన వింటే రెండో మెట్టు దారిలోనే అయిపోతుంది.